ప్రతిగమన పద్ధతి ఎంపిక

ప్రతిగమన పద్ధతి ఎంపిక అనగా ఒక చలరాశి ఇతర చలరాశులపై ఏ విధంగా ఆధారపడి ఉన్నదో తెలుసుకొనడానికి సాంఖ్యక శాస్త్రంలో ఉన్న అనేక ప్రతిగమన పద్ధతులలో, చేతిలో ఉన్న దత్తాంశానికి తగిన దానిని నిర్ణయించుకోవడం. ఎస్.పి.ఎస్.ఎస్., శాస్, స్టాటా, ఆర్ వంటి సాఫ్ట్‌వేర్లు వ్యాప్తిలోకి వచ్చిన తరువాత గణన భారం దాదాపు తొలగిపోయింది. ఎంపిక భారం మాత్రం పరిశోధకునిపైనే మిగిలింది. తప్పు పద్ధతిని ఎంచుకొన్నప్పటికీ కంప్యూటరు గుణకాలను, పట్టికలను యథావిధిగా ముద్రిస్తుంది. చాలా సందర్భాలలో ఏ హెచ్చరికా ఇవ్వదు. అందువలన ఈ విషయానికి వైద్యం, వ్యవసాయం, ఇంజనీరింగు, అర్థశాస్త్రం మొదలైన రంగాలలో ప్రాముఖ్యం ఉన్నది.

ఏ చలరాశి విలువను వివరించదలచామో దానిని పరతంత్ర చలరాశి అని, వివరించడానికి ఉపయోగించే వాటిని స్వతంత్ర చలరాశులు అని అంటారు. పద్ధతి ఎంపికలో మొదటిగా చూడవలసినది పరతంత్ర చలరాశి స్వభావాన్ని. అది కొలతయా, అవును-కాదు అనే జవాబా, లెక్కించిన సంఖ్యయా, ఒక సంఘటన జరిగే వరకు పట్టిన కాలమా అన్నదానిపై మిగిలిన నిర్ణయాలన్నీ ఆధారపడతాయి. స్వతంత్ర చలరాశుల స్వభావాన్ని బట్టి పద్ధతి మారుతుందని కొందరు విద్యార్థులు భావిస్తారు గాని అది సరి కాదు. అవి ఏ రకమైనవైనా దాదాపు అన్ని పద్ధతులలోనూ చోటు చేసుకోగలవు.

చరిత్ర

కనిష్ఠ వర్గాల పద్ధతిని మొదట 1805లో ఫ్రెంచి గణితవేత్త లెజాండర్ ప్రచురించాడు. 1809లో గాస్ దీనిని గ్రహాల కక్ష్యల గణనకు సంబంధించిన గ్రంథంలో వివరిస్తూ, తాను అంతకు ముందు నుండే దీనిని వాడుతున్నానని చెప్పుకొన్నాడు. ఇది ఇద్దరి మధ్య వివాదానికి దారితీసింది.

ప్రతిగమనం అన్న పేరు మాత్రం ఖగోళశాస్త్రం నుండి రాలేదు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో ప్రచురించిన వ్యాసంలో 205 జంటల తల్లిదండ్రుల, వారి 928 మంది పెరిగిన సంతానపు ఎత్తులను పరిశీలించాడు. మిక్కిలి పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటు కంటే పొడవుగానే ఉన్నా తల్లిదండ్రులంత పొడవుగా లేరని, పొట్టివారి విషయంలోనూ ఇదే విధంగా సగటు వైపు మరలడం కనిపిస్తున్నదని గమనించి, దానికి వెనుకకు మరలడం అనే అర్థమున్న రిగ్రెషన్ అన్న పేరు పెట్టాడు. తెలుగులో ప్రతిగమనం దీనికి సమానార్థకం. ఇప్పుడు ఈ పేరుకు, పద్ధతి చేసే పనికి సంబంధం అంతగా లేదు.

1972లో నెల్డర్, వెడర్‌బర్న్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు సాధారణ సరళ ప్రతిగమనం, లాజిస్టిక్ ప్రతిగమనం, పాయిజాన్ ప్రతిగమనం మొదలైనవన్నీ ఒకే కుటుంబానికి చెందినవని, వాటన్నిటినీ ఒకే గణన విధానంతో సాధించవచ్చునని చూపారు. ఈ కుటుంబానికి సాధారణీకృత సరళ నమూనాలు అని పేరు. నేటి సాఫ్ట్‌వేర్లలో ఒకే ఆదేశంతో కేవలం కుటుంబం పేరు మార్చి పద్ధతిని మార్చగలగడం ఈ పరిశోధన ఫలితమే.

భారతదేశం నుండి ఈ రంగానికి ముఖ్యమైన సేవ చేసినవారిలో తెలుగు కుటుంబంలో జన్మించి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావు (1920-2023) ఒకరు. ఆయన 1948లో ప్రతిపాదించిన స్కోర్ పరీక్ష నేటికీ వాడుకలో ఉన్నది. లాజిస్టిక్ ప్రతిగమనం చేసినపుడు ఎస్.పి.ఎస్.ఎస్. ఇచ్చే పట్టికలో స్కోర్ అన్న శీర్షిక క్రింద కనిపించే సంఖ్య అదే. స్వతంత్ర చలరాశులు ఒకదానిపై ఒకటి పూర్తిగా ఆధారపడినపుడు సమీకరణాలకు ఏకైక సాధన ఉండదు. అటువంటి సందర్భాలకు ఉపకరించే సాధారణీకృత విలోమ మాత్రికలపై కూడా ఆయన కృషి చేశారు.

సాధారణ సరళ ప్రతిగమనం

పరతంత్ర చలరాశి ఒక కొలత అయినపుడు, అనగా బరువు, దిగుబడి, రక్తపోటు వంటిదైనపుడు, మొదట ప్రయత్నించవలసినది ఇదే. సాధారణంగా చెప్పే నియమాలు నాలుగు: సంబంధం సరళంగా ఉండాలి, పరిశీలనలు ఒకదానిపై ఒకటి ఆధారపడకూడదు, అవశేషాల విస్తృతి అన్నిచోట్లా ఒకే విధంగా ఉండాలి, అవశేషాలు సామాన్య విభాజనాన్ని అనుసరించాలి. పరిశీలించిన విలువకు, రేఖ ఇచ్చే విలువకు మధ్య గల తేడాయే అవశేషం.

ఈ నాలుగింటిలో విద్యార్థులు ఎక్కువగా పట్టించుకొనేది చివరిది, నిజానికి అన్నిటికన్నా తక్కువ ప్రాముఖ్యం గలది కూడా అదే. పరిశీలనలు తగినన్ని ఉన్నపుడు సామాన్య విభాజనం నుండి కొద్దిపాటి తేడా వలన పెద్ద నష్టం రాదు. పైగా ఈ నియమం అవశేషాలకే గాని పరతంత్ర చలరాశికి వర్తించదు. ప్రతిగమనం చేయక మునుపే పరతంత్ర చలరాశికి సామాన్యతా పరీక్ష చేసి, విఫలమైనదని పద్ధతినే విడిచిపెట్టడం తరచుగా కనిపించే పొరపాటు. స్వతంత్రత నియమాన్ని ఉల్లంఘిస్తే మాత్రం ఫలితాలు పూర్తిగా తప్పుదారి పట్టగలవు.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణను 1926లో ఉడ్నీ యూల్ ఇచ్చాడు. ఇంగ్లాండు, వేల్సులలో 1866 నుండి 1911 వరకు మరణాల రేటుకు, మొత్తం వివాహాలలో ఇంగ్లాండు చర్చిలో జరిగిన వివాహాల పాలుకు మధ్య సహసంబంధ గుణకం 0.9512 అని లెక్క తేలింది. చర్చి వివాహాలు మరణాలకు కారణం కాదు. రెండూ కాలంతో పాటు తగ్గుతూ వచ్చాయి, అంతే. సంవత్సరాల క్రమంలో ఉన్న దత్తాంశాన్ని విడివిడి పరిశీలనలుగా భావించి ప్రతిగమనం చేస్తే ఇటువంటి అర్థం లేని సంబంధాలు బలమైనవిగా కనిపిస్తాయి. అటువంటి దత్తాంశానికి కాలశ్రేణి పద్ధతులు ఉన్నాయి. ఒకే పాఠశాలకు చెందిన విద్యార్థులు, ఒకే రోగి నుండి అనేకసార్లు తీసుకొన్న కొలతలు వంటివి కూడా స్వతంత్ర పరిశీలనలు కావు. వీటికి మిశ్రమ ప్రభావ నమూనాలను వాడతారు.

సరళత నియమాన్ని సంఖ్యల ద్వారా గాక బొమ్మ ద్వారా పరీక్షించాలి. 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ నాలుగు చిన్న దత్తాంశాలను తయారుచేశాడు. నాలుగింటిలోనూ సగటులు, సహసంబంధ గుణకం (0.816), ప్రతిగమన రేఖ ఒక్కటే. గ్రాఫు గీసి చూస్తే ఒకటి మామూలు సరళ సంబంధం, మరొకటి స్పష్టమైన వక్రరేఖ, మూడవదానిలో ఒక బిందువు రేఖను ప్రక్కకు లాగుతున్నది, నాలుగవదానిలో ఒకే ఒక్క బిందువు లేకపోతే రేఖ గీయడానికే వీలు లేదు.

ఛాలెంజర్ ప్రమాదం: ఒక ఉదాహరణ

పరతంత్ర చలరాశి అవును-కాదు రూపంలో ఉన్నపుడు పద్ధతి ఎంపిక ఎంత తేడా తెస్తుందో చూపడానికి పాఠ్యపుస్తకాలలో తరచుగా తీసుకొనే ఉదాహరణ అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్. 1986 జనవరి 28న ప్రయోగించిన 73 సెకన్లకే ఈ నౌక ధ్వంసమై అందులోని ఏడుగురు వ్యోమగాములు మరణించారు. బూస్టరు రాకెట్టు భాగాల మధ్య అతుకులను మూసి ఉంచే ఓ-రింగులు అనే రబ్బరు వలయాలు చలికి బిగుసుకొని, వేడి వాయువులను ఆపలేకపోవడం దీనికి కారణమని విచారణలో తేలింది.

ప్రయోగానికి ముందు రాత్రి రాకెట్టు తయారీ సంస్థ ఇంజనీర్లకు, నాసా అధికారులకు మధ్య టెలిఫోను ద్వారా సుదీర్ఘమైన చర్చ జరిగింది. మరునాటి ఉదయానికి ఉష్ణోగ్రత సుమారు 31 డిగ్రీల ఫారన్‌హీట్ (సున్నా సెల్సియస్‌కు కొంచెం దిగువ) ఉండవచ్చునని అంచనా. అంతకు మునుపు జరిగిన ప్రయోగాలలో అత్యల్పం 53 డిగ్రీలు. 53 డిగ్రీల కంటే తక్కువ ఉన్నపుడు ప్రయోగించవద్దని ఇంజనీర్లు మొదట సిఫారసు చేశారు. కాని 53 డిగ్రీల వద్ద, 75 డిగ్రీల వద్ద కూడా ఓ-రింగులకు నష్టం కనిపించింది కనుక ఉష్ణోగ్రతతో సంబంధం ఉన్నదని చెప్పలేమన్న వాదన వచ్చింది. చివరకు సంస్థ యాజమాన్యం సిఫారసును మార్చుకొన్నది.

ఇక్కడ దృష్టి అంతా నష్టం జరిగిన ప్రయోగాలపైనే ఉండిపోయింది. ఏ నష్టమూ జరగని ప్రయోగాలను ప్రక్కన పెట్టారు. అప్పటికి జరిగిన 24 ప్రయోగాలలో ఒకదాని బూస్టర్లు సముద్రంలో మునిగిపోగా, మిగిలిన 23 ప్రయోగాల వివరాలు లభ్యమై ఉన్నాయి. వీటిలో 7 ప్రయోగాలలో ఓ-రింగులకు నష్టం కనిపించింది. వాటి ఉష్ణోగ్రతలు 53, 57, 58, 63, 70, 70, 75 డిగ్రీలు. నష్టం లేని 16 ప్రయోగాలూ 66 నుండి 81 డిగ్రీల మధ్య జరిగినవే. అనగా 65 డిగ్రీలకు దిగువన జరిగిన నాలుగు ప్రయోగాలలో నాలుగింటిలోనూ నష్టం జరిగితే, పైన జరిగిన 19లో మూడింటిలో మాత్రమే జరిగింది. పూర్తి చరిత్రను పరిశీలించి ఉంటే ఉష్ణోగ్రతతో సంబంధం కనిపించేదని రోజర్స్ విచారణ సంఘం అభిప్రాయపడింది. ఏ ప్రతిగమన పద్ధతీ ప్రక్కన పెట్టిన దత్తాంశాన్ని తిరిగి తేలేదు. ఈ విషయం పద్ధతి ఎంపిక కంటే ముందరిది.

ఇప్పుడు ఈ 23 ప్రయోగాలకు నష్టం జరిగితే 1, జరగకపోతే 0 అని సంకేతాలు ఇచ్చి సాధారణ సరళ ప్రతిగమనం చేస్తే, స్థిరాంకం 2.905, ఉష్ణోగ్రత గుణకం -0.0374 వస్తాయి. కంప్యూటరు ఏ అభ్యంతరమూ చెప్పదు. కాని ఈ రేఖ ప్రకారం 31 డిగ్రీల వద్ద నష్టం జరిగే సంభావ్యత 1.75, 81 డిగ్రీల వద్ద -0.12. సంభావ్యత ఒకటి కంటే ఎక్కువ గాని సున్నా కంటే తక్కువ గాని ఉండదు. కాబట్టి ఈ రెండూ అర్థం లేని సంఖ్యలు.

లాజిస్టిక్ ప్రతిగమనంలో సంభావ్యతకు బదులుగా, సంఘటన జరిగే సంభావ్యతను జరగని సంభావ్యతతో భాగించి, ఆ నిష్పత్తి యొక్క సంవర్గమానాన్ని తీసుకొంటారు. ఆ నిష్పత్తిని ఆడ్స్ అని, దాని సంవర్గమానాన్ని లాజిట్ అని పిలుస్తారు. లాజిట్ అన్న పదాన్ని 1944లో జోసెఫ్ బెర్క్‌సన్ ప్రవేశపెట్టాడు. లాజిట్ ఎంత పెరిగినా, ఎంత తగ్గినా దాని నుండి తిరిగి లెక్కించిన సంభావ్యత ఎల్లప్పుడూ 0, 1 మధ్యనే ఉంటుంది. పై దత్తాంశానికే ఈ పద్ధతిని వర్తింపజేస్తే స్థిరాంకం 15.04, గుణకం -0.232 వస్తాయి. అనగా ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గిన ప్రతిసారీ నష్టం యొక్క ఆడ్స్ సుమారు 26 శాతం పెరుగుతాయి. సంభావ్యత 75 డిగ్రీల వద్ద 0.09, 70 వద్ద 0.23, 65 వద్ద దాదాపు సగం, 31 వద్ద 0.99 కంటే ఎక్కువ.

ఈ చివరి సంఖ్యను జాగ్రత్తగా చదవాలి. 31 డిగ్రీలు దత్తాంశపు అంచుకు 22 డిగ్రీల దిగువన ఉన్నది. అంత దూరం పొడిగించినపుడు నమూనా సరైనదేనన్న హామీ దత్తాంశంలో లేదు. అంతేగాక ఇది ఓ-రింగుకు ఏదో ఒక నష్టం జరిగే సంభావ్యతయే గాని నౌక ధ్వంసమయ్యే సంభావ్యత కాదు. ముందరి ఏడు ప్రయోగాలూ నష్టం జరిగినా క్షేమంగా ముగిశాయి. 1989లో దలాల్, ఫౌక్స్, హోడ్లీ అనే శాస్త్రవేత్తలు లాజిస్టిక్ ప్రతిగమనంతో పాటు ఇంజనీరింగు సమాచారాన్ని కూడా జోడించి, 31 డిగ్రీల వద్ద ఓ-రింగుల ఘోర వైఫల్య సంభావ్యత కనీసం 13 శాతమని, ప్రయోగాన్ని 60 డిగ్రీల వరకు వాయిదా వేసి ఉంటే అది సుమారు 2 శాతానికి తగ్గేదని అంచనా వేశారు. ప్రమాదానికి ముందు లభ్యమైన సమాచారం మాత్రమే వారు ఉపయోగించారు.

లాజిస్టిక్ ప్రతిగమనానికి దగ్గరి బంధువు ప్రొబిట్ ప్రతిగమనం. 1934లో చెస్టర్ బ్లిస్ క్రిమిసంహారకాల మోతాదుల అధ్యయనం కోసం దీనిని ప్రతిపాదించాడు. రెండిటి ఫలితాలూ సామాన్యంగా చాలా దగ్గరగా ఉంటాయి కనుక ఏది ఎంచుకోవాలన్న చర్చపై ఎక్కువ కాలం వెచ్చించనవసరం లేదు. జవాబులు రెండుకు మించి ఉండి వాటి మధ్య క్రమం లేకపోతే బహుపద లాజిస్టిక్ ప్రతిగమనం, క్రమం ఉంటే (ఉదాహరణకు వ్యాధి తీవ్రత: తక్కువ, మధ్యస్థం, ఎక్కువ) 1980లో మెక్‌కల్లా వివరించిన క్రమస్థాన ప్రతిగమనం వాడతారు.

లెక్కింపులు మరియు కాలావధులు

ఒక కూడలిలో ఏడాదిలో జరిగిన ప్రమాదాలు, ఒక ఆసుపత్రిలో నెలలో నమోదైన కేసులు వంటివి 0, 1, 2, 3 అనే పూర్ణాంకాలు. వీటికి పాయిజాన్ ప్రతిగమనం తగినది. ఈ విభాజనానికి ప్రసిద్ధ ఉదాహరణ 1898లో బోర్ట్‌కీవిచ్ ప్రచురించినది: ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్నడం వలన మరణించిన సైనికుల సంఖ్య. 10 దళాలలో 20 సంవత్సరాలకు, అనగా 200 పరిశీలనలలో, 122 మరణాలు, సగటు 0.61, విస్తృతి కూడా దాదాపు అంతే. సగటు, విస్తృతి సమానంగా ఉండడమే పాయిజాన్ విభాజనపు ముఖ్య లక్షణం.

నిజ జీవితంలోని లెక్కింపులు చాలా వరకు ఇంత విధేయంగా ఉండవు. విస్తృతి సగటు కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. దానిని గమనించకుండా పాయిజాన్ ప్రతిగమనాన్నే వాడితే ప్రామాణిక దోషాలు ఉండవలసిన దానికంటే చిన్నవిగా వచ్చి, లేని ప్రభావాలు ఉన్నట్లు తోస్తుంది. అటువంటపుడు ఋణ ద్విపద ప్రతిగమనానికి మారడం మేలు. జనాభా వేరువేరుగా ఉన్న ఊళ్ళను పోల్చేటపుడు జనాభా సంవర్గమానాన్ని ఆఫ్‌సెట్‌గా చేర్చడం మరచిపోకూడదు. లేనిచో పెద్ద ఊరిలో కేసులు ఎక్కువ అన్న అందరికీ తెలిసిన సంగతే ఫలితంగా వస్తుంది.

చికిత్స తరువాత రోగి జీవించిన కాలం, యంత్రం చెడిపోయే వరకు పట్టిన కాలం వంటి వాటిలో ఒక చిక్కు ఉన్నది. అధ్యయనం ముగిసేనాటికి కొందరు రోగులు జీవించే ఉంటారు. వారి కాలం ఇంత అని చెప్పలేము, ఇంతకంటే ఎక్కువ అని మాత్రమే చెప్పగలము. వారిని తొలగిస్తే చికిత్స అసలు కన్నా హీనంగా కనిపిస్తుంది. ఇటువంటి అసంపూర్ణ పరిశీలనలను కూడా సరిగా లెక్కలోకి తీసుకొనే పద్ధతిని 1972లో డేవిడ్ కాక్స్ ప్రతిపాదించాడు. వైద్య పరిశోధనలో అత్యధికంగా ఉపయోగించే పద్ధతులలో ఇది ఒకటి.

కొలతలలో కొన్ని మరీ అసాధారణమైన విలువలున్నపుడు సగటుకు బదులు మధ్యగతాన్ని గాని ఇతర విభాజక స్థానాలను గాని నమూనా చేసే క్వాంటైల్ ప్రతిగమనం (కోయెంకర్, బాసెట్, 1978) ఉపకరిస్తుంది. స్వతంత్ర చలరాశులు చాలా ఎక్కువై ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నపుడు రిడ్జ్ (1970), లాసో (1996) పద్ధతులు ఉన్నాయి. చలరాశులను ఒక్కొక్కటిగా చేరుస్తూ, తీసివేస్తూ పోయే మెట్ల పద్ధతి దాదాపు ప్రతి సాఫ్ట్‌వేరులోనూ దొరుకుతుంది. అయితే అది ఇచ్చే సంభావ్యతా విలువలు నమ్మదగినవి కావని సాంఖ్యక శాస్త్రవేత్తలు హెచ్చరిస్తూ ఉంటారు. అదే దత్తాంశం నుండి చలరాశులను ఏరి, అదే దత్తాంశంతో వాటిని పరీక్షించడం దీనిలోని లోపం.

సాఫ్ట్‌వేరులో ఎదురయ్యే చిక్కులు

1968లో మొదలైన ఎస్.పి.ఎస్.ఎస్.లో ఎనలైజ్ అనే పట్టీ క్రింద రిగ్రెషన్ అన్న విభాగం ఉన్నది. అందులో లీనియర్, బైనరీ లాజిస్టిక్, మల్టినోమియల్ లాజిస్టిక్, ఆర్డినల్, ప్రొబిట్ కనిపిస్తాయి. పాయిజాన్ ప్రతిగమనం అక్కడ లేదు. జనరలైజ్డ్ లీనియర్ మోడల్స్ అనే వేరొక విభాగంలో ఉన్నది. కనిపించనిది లేదనుకొని, లెక్కింపులకు సైతం లీనియర్‌నే ఎంచుకోవడానికి ఈ అమరిక కొంత కారణమని చెప్పవచ్చును.

ఉచితంగా లభించే ఆర్ భాషలో సాధారణ ప్రతిగమనానికి ఎల్.ఎం., సాధారణీకృత నమూనాలకు జి.ఎల్.ఎం. అనే ఆదేశాలు ఉన్నాయి. జి.ఎల్.ఎం.లో కుటుంబం పేరు ఇవ్వడం మరచిపోతే అది సామాన్య విభాజనాన్నే తీసుకొంటుంది. లాజిస్టిక్ ప్రతిగమనం చేశామనుకొన్న విద్యార్థి నిజానికి సాధారణ సరళ ప్రతిగమనమే చేసి ఉంటాడు, హెచ్చరిక మాత్రం రాదు.

ఏ సంఘటన యొక్క సంభావ్యతను నమూనా చేస్తున్నామన్నది కూడా సాఫ్ట్‌వేరును బట్టి మారుతుంది. 0, 1 సంకేతాలుగా ఉన్నపుడు ఆర్, ఎస్.పి.ఎస్.ఎస్., స్టాటాలు 1 యొక్క సంభావ్యతను లెక్కిస్తే, శాస్‌లోని లాజిస్టిక్ విధానం ప్రత్యేకంగా చెప్పకపోతే 0 యొక్క సంభావ్యతను లెక్కిస్తుంది. గుణకాల గుర్తులన్నీ తారుమారై, రక్షించే మందు హాని చేసేదిగా కనిపించగలదు. వర్గ చలరాశులలో పోలికకు ఆధారంగా ఆర్ మొదటి వర్గాన్ని, ఎస్.పి.ఎస్.ఎస్. బైనరీ లాజిస్టిక్ చివరి వర్గాన్ని తీసుకొంటాయి. రెండు సాఫ్ట్‌వేర్ల ఫలితాలు సరిపోవడం లేదన్న సందేహం వచ్చినపుడు ముందుగా చూడవలసినవి ఈ రెండు విషయాలు.

జిల్లాలకు 1, 2, 3 అని సంకేతాలు ఇచ్చినపుడు అవి వర్గాలని తెలుపకపోతే, మూడవ జిల్లా మొదటిదానికి మూడు రెట్లన్నట్లు కంప్యూటరు లెక్క వేస్తుంది. సమాచారం లేనిచోట 99 అని వ్రాసే అలవాటు కూడా ఇటువంటిదే. వయస్సు గడిలో అది నిజంగానే 99 ఏళ్ళుగా పరిగణింపబడుతుంది. ఖాళీగా వదిలితే, ఏ ఒక్క చలరాశి లేకపోయినా ఆ వ్యక్తి వరుస మొత్తాన్నీ చాలా సాఫ్ట్‌వేర్లు విడిచిపెడతాయి. కనుక పట్టికలో ముద్రితమైన పరిశీలనల సంఖ్యను అసలు సంఖ్యతో పోల్చి చూడాలి.

లాజిస్టిక్ ప్రతిగమనంలో గుణకం 20, ప్రామాణిక దోషం వేలలో వస్తే అది గణన దోషం కాదు. ఒక చలరాశి అవును-కాదులను సంపూర్ణంగా వేరుచేసినపుడు గుణకానికి పరిమిత విలువ ఉండదు. ఛాలెంజర్ దత్తాంశంలో 70, 70, 75 డిగ్రీల వద్ద కూడా నష్టం జరగకపోయి ఉంటే సరిగ్గా ఇదే జరిగేది: 63 వరకు అన్నీ 1, 66 నుండి అన్నీ 0. సంబంధం మరింత స్పష్టమైనా మామూలు లాజిస్టిక్ ప్రతిగమనం దానిని అంచనా వేయలేక పోయేది. ఇటువంటి సందర్భాలకు 1993లో డేవిడ్ ఫర్త్ సూచించిన సవరణను అనేక సాఫ్ట్‌వేర్లలో చేర్చారు.